పాట కింద మాట

ఇటు జరిగి కూర్చో తల్లీ. ఆ ఫ్యాను చప్పుడులో సగం మాటలు కొట్టుకుపోతాయి. ఈ కథలో పోగొట్టుకోవడానికి మిగిలిన మాటలు అసలే తక్కువ. కంప్యూటర్లు మన ఊళ్ళలోకి అప్పుడప్పుడే దిగుతున్న కాలంలో, ఆత్మకూరు బస్టాండు వెనక వీధిలో నారాయణయ్య వీడియో షాపు ఉండేది. చుట్టుపక్కల పెళ్ళిళ్ళ క్యాసెట్లన్నీ అక్కడే తయారయ్యేవి. ఆ షాపులో మిక్సింగు చేసే పిల్ల సుకుమారి, ఉదయగిరి నుంచి బస్సు దిగి వచ్చిన కామమ్మ, వాళ్ళిద్దరి మధ్య జరిగిన సంగతి ఇది. తొందరపెట్టకుండా విను.

రోహిణి కార్తె ఎండ. మధ్యాహ్నానికి ముందే రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. కామమ్మ షాపు మెట్లెక్కి, చెప్పులు బయటే వదిలి, కొంగుతో మొహం తుడుచుకుని, లోపల గదిలో తెర ముందు కూర్చున్న పిల్లను చూసింది. ఆ పిల్ల వెనక్కి తిరగలేదు. తెర మీద పెళ్ళికూతురి మెడలో దండ పడుతోంది. దండ పడీ పడకముందే తెర నిండా ఆవాలు చల్లినట్టు చుక్కలు లేచాయి. పెళ్ళికూతురి మొహం పచ్చగా మారి, అడ్డంగా చీలి, ఉన్నచోటనే నిలిచిపోయింది. సుకుమారి బొత్తాలు నొక్కింది. కదల్లేదు. కరెంటు ఆపేసి, మళ్ళీ వేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఎవరు కావాలక్కా?"

"మాలకొండయ్య భార్యనమ్మా. వంటల మాలకొండయ్య."

ఆ పేరు వినగానే సుకుమారి లేచి స్టూలు లాగింది. మాలకొండయ్యను ఎరగనివాళ్ళు ఎవరు? వరికుంటపాడు నుంచి చేజర్ల దాకా చర్చి సంఘంలో ఎవరింట పెళ్ళయినా పొయ్యి తవ్వేది ఆయనే. పోయిన ఏడు వేసవిలో మర్రిపాడు దగ్గర, వంటపాత్రలు వేసుకుని పోతున్న ట్రాక్టరు తిరగబడి చనిపోయాడు.

"ఆదివారం నాడు గుళ్ళో ఆయన జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం" అంది కామమ్మ. "మీ కెమెరా శీనయ్య మొన్న ఉదయగిరిలో కనపడినాడు. చేజర్ల టీచరమ్మోళ్ళ పెళ్ళిలో పొయ్యికాడ ఆయన్ని తీసినాడంట. ఆయన కెమెరాలోకి చూసి నా పేరు ఎత్తి ఏదో అన్నాడంట. అందరూ నవ్వినారంట. ఏమన్నాడురా అంటే, గుర్తు లేదత్తా, ఆ రోజు ఎండకు నా పేరే నాకు గుర్తు లేదు అంటుండాడు. ఆ క్యాసెట్టు ఉంటే ఒకసారి వినిపియ్యమ్మా."

ఆ క్యాసెట్టు లేదు. పెళ్ళి క్యాసెట్టును కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాక, ఆ క్యాసెట్టు మీదే ఇంకో శుభకార్యం తీయడం షాపు పద్ధతి. మాలకొండయ్య మీద ఈపాటికి ఎవరి బిడ్డ చెవులు కుట్టిన వేడుకో కూర్చుని ఉంటుంది. మిక్సింగు అయిన క్యాసెట్టులోనూ ఆయన లేడు. పొయ్యి దగ్గరి ముక్క చూసి టీచరమ్మ భర్త మొహం చిట్లించుకున్నాడు. "వంటోళ్ళు ఎందుకయ్యా మధ్యలో? మా చుట్టాలు చాల్లేదా నీకు?" అన్నాడు. నారాయణయ్య కోసెయ్యమన్నాడు. సుకుమారి కోసింది. కోసిన ముక్కను పారెయ్యడానికి మాత్రం ఆమెకు మనసొప్పలేదు. కొత్త పూలు, కొత్త అక్షరాలు తెర మీద తిప్పి చూడాలంటే ఏదో ఒక బొమ్మ కావాలి కదా. అందుకు ఆ ముక్కనే వాడుకుంది. అట్లా ఆయన్ని ఆమె ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు.

"క్యాసెట్టు లేదక్కా. ముక్క ఉండాది, దీని లోపల" అంది కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి వేసి.

"నువ్వు చూసినావా?"

"శానా సార్లు."

"ఏమన్నాడు?"

సుకుమారి తల వంచుకుంది. పెళ్ళి క్యాసెట్లలో మనుషుల మాటలకు చోటుండదు. తాళి కట్టిన దగ్గర్నుంచి అప్పగింతల దాకా అంతా పాటలే. లోపలికి ఎక్కించగానే సుకుమారి చేసే మొదటి పని, ఆ బొమ్మల కింద ఉన్న మాటల్ని నొక్కి నోరు మూయించడం. మాట చెరిగిపోదు, వినపడకుండా పోతుందంతే. గదిలో స్పీకర్లు కూడా ఉండేవి కావు. పాటలు కూర్చేటప్పుడు మాత్రం ముందుగదిలో టీవీ పెట్టుకుని వినేది. మాలకొండయ్య పెదవులు కదలడం ఆమెకు తెలుసు, గరిటె ఎత్తడం తెలుసు. ఆయన గొంతు ఎట్లా ఉంటుందో తెలియదు.

"నేను వినలేదక్కా. బొమ్మ ఒక్కటే చూసేదాన్ని."

కామమ్మ నవ్వింది. "వినకపోతేనే మంచిది లే. ఏం తిట్టినాడో ఏమో. నా వంట గురించి అయ్యుంటుంది. ఆయన్ని కట్టుకున్నప్పటి నుంచి అడుగుతుండా, కూర ఎట్టుండాదయ్యా అని. ఏనాడూ నోరు తెరిచి చెప్పింది లేదు. ఊళ్ళోవాళ్ళందరికీ వండిపెట్టే మొగుడికి వండిపెట్టడం ఎంత కష్టమో నీకేం తెలుసు? ఎక్కిరింపుగా ఒక కన్ను మూసి తింటా కూర్చునేవాడు. ఒకసారి కోపమొచ్చి పళ్ళెం లాక్కున్నా. అప్పుడూ మాట్లాడలే." నవ్వు తగ్గాక, "తిట్టినా సరే, వింటా. పదిమందిలో నా గురించి ఏమన్నాడో తెలియకుండా నేను పోకూడదమ్మా" అంది.

"శుక్రవారం రా అక్కా. వినిపిస్తా, క్యాసెట్టులోకి ఎక్కించి ఇస్తా. గుళ్ళో అందరూ వినొచ్చు."

అనేసింది కానీ, ఆ మాట నిలబెట్టుకోగలనన్న నమ్మకం ఆమెకే లేదు. ఎందుకంటావా? ఆ కంప్యూటర్ సంగతి చెప్పాలి.

పెట్టె లోపల అరచేయంత పచ్చ పలక ఒకటి ఉంటుంది. దాన్ని గ్రాఫిక్స్ కార్డు అనేవాళ్ళు. తెర మీద బొమ్మ కదిలిందంటే అదే కదిలించాలి. క్యాసెట్టులోంచి బొమ్మనూ మాటనూ లోపలికి తీసుకునేదీ, మళ్ళీ బయటికి పంపేదీ అదే. ఆ కార్డు దాచిన ముక్కను ఇంకో రకం కార్డు తెరవలేదు. చలికాలంలో నారాయణయ్యకు పేర్లు గిరగిరా తిరగాలని, ఉంగరంలోంచి పెళ్ళికొడుకు మొహం రావాలని కోరిక పుట్టింది. దానికి కొత్త కార్డు కావాలి. అప్పుడు ఆయన బావమరిది పెంచలయ్య, నెల్లూరులో కంప్యూటర్ కోర్సు చేసినవాడు, జేబులో ఫ్లాపీ పెట్టుకుని దిగాడు.

"కొత్తది ఎందుకు బావా? ఉన్నదాన్నే ఉరికిస్తా చూడు" అని చిన్న ప్రోగ్రాం ఒకటి ఎక్కించాడు. తెర మీద ఒక గీత, గీత మీద ఒక బాణం. బాణాన్ని కుడికి లాగితే కార్డు స్పీడు పెరుగుతుంది, చేసినవాళ్ళు పెట్టిన హద్దు దాటి కూడా పెరుగుతుంది.

"వేడెక్కదా అన్నా?" అని సుకుమారి అడిగింది.

"నాకు పెంచలయ్య అని పేరు పెట్టింది ఎందుకనుకున్నావు మే? పెంచమనే!" అని పెంచలయ్య బాణాన్ని ఇంకొంచెం కుడికి లాగాడు.

చలి ఉన్నన్నాళ్ళు ఉంగరాలు తిరిగాయి, పూలు రాలాయి. నారాయణయ్య వచ్చినవాళ్ళందరికీ చూపించుకున్నాడు. మాఘం పెళ్ళిళ్ళు దాటి ఎండలు ముదిరేసరికి తెర మీద ఆవాలు మొదలయ్యాయి.

మరుసటి రోజు పొద్దున్నే నారాయణయ్య గదిలోకి తొంగిచూశాడు.

"ఏందిమే, మళ్ళీ చచ్చిందా?"

"మధ్యాహ్నమైతే నిలిచిపోతుండాదన్నా."

"అది నిలిచిపోయేది కాదు, నువ్వు నిలిపేది. ఏదో నొక్కకూడనిది నొక్కుంటావు. చేజర్లలో మొన్న తీసిన ఇంకో ఇంటి పెళ్ళి క్యాసెట్టు శుక్రవారానికి చేతిలో పెట్టాల. లేకుంటే వాళ్ళు నన్ను ఈ వీధిలో తిరగనియ్యరు. పెంచలయ్యకు ఫోన్ చేసినా. కొత్త మిషనే తెస్తుండాడు శనివారం. దీన్ని ఎక్స్‌ఛేంజీలో తోసేస్తే పీడా పోతుంది."

సుకుమారి లేచి నిలబడింది. "అన్నా, దీని లోపలి ముక్కలు కొత్తదాంట్లో తెరుచుకోవు."

"పాతవి మనకెందుకు? అన్నీ ఇచ్చేసినాం గదా."

"మాలకొండయ్యది ఒకటుండాది. ఆయన భార్య అడుగుతుండాది."

నారాయణయ్య చెడ్డవాడేం కాదు. "మంచి వంటగాడు. మా ఇంటికి పిలుద్దామంటే మావోళ్ళు ఒప్పుకోలే" అన్నాడు. "సరే, చేజర్ల పని అయినాక చేసుకో. ముందు మాత్రం కాదు."

ఆ రోజంతా సుకుమారి రోగం ఎక్కడుందో వెతికింది. స్టెబిలైజరు మార్చి చూసింది. తీగలన్నీ ఊడదీసి బిగించింది. మెమరీ పలకలు బయటికి తీసి, వాటి ఇత్తడిరంగు అంచుల్ని బడిపిల్లలు వాడే రబ్బరుతో రుద్ది మళ్ళీ కూర్చింది. తెరను ముందుగదిలో బిల్లులు రాసే చిన్న కంప్యూటర్‌కు తగిలించి చూస్తే తెరలో లోపం లేదు. పొద్దున గది చల్లగా ఉన్నప్పుడు పెళ్ళి నడిచేది, తలంబ్రాల దాకా వచ్చేది. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడ్డాక పెళ్ళి మొదట్లో వచ్చే గణపతి బొమ్మ దగ్గరే చచ్చేది. అయితే ఇది వేడే అనుకుంది. బాణాన్ని ఎడమకు లాగింది, చేసినవాళ్ళు పెట్టిన హద్దుకు తెచ్చింది. చుక్కలు తగ్గాయి, పోలేదు. హద్దు కంటే కిందికి లాగింది. పేర్లు నిద్రమొహంతో తిరిగాయి. అయినా చివరికి అవే ఆవాలు.

గురువారం పెట్టె పక్కరేకు విప్పి, కార్డును పూర్తిగా ఊడదీసి వెలుతురులో పట్టుకుంది. కార్డు మీద రూపాయి బిళ్ళంత నల్ల ఫ్యాను ఒకటి ఉంటుంది, దాన్ని చల్లబరచడానికి. వేలితో తోసింది. తిరగలేదు. రెక్కల సందుల్లో నల్లగా జిగురు పేరుకుని ఉంది. దుమ్మయితే ఊదితే లేచిపోవాలి. ఇది వేలికి అంటుకుంది. సుకుమారి వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

సాంబ్రాణి.

ప్రతి శుక్రవారం నారాయణయ్య భార్య సుబ్బరత్నమ్మ ధూపం పట్టుకుని షాపంతా తిరిగేది. కెమెరాలకు, క్యాసెట్ల బీరువాకు, చివరికి కంప్యూటర్‌కు. అన్నం పెట్టే మిషను కదా అని దానికి ఎక్కువసేపు, పెట్టె వెనక్కి కూడా వంగి మరీ పట్టేది. ఆ పొగను పెట్టె లోపలి ఫ్యానులు లాక్కునేవి. కార్డు ఊపిరి అట్లా మూసుకుపోయింది. పైన పెంచలయ్య బాణం, కింద సుబ్బరత్నమ్మ పొగ.

ఆ పొగ మిషనుకు పడదని సుకుమారికి ముందే అనుమానం ఉండేది. అడగాలని ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చింది. కానీ ఆమె పోయే గుడి చర్చి, ఆమె చర్చి పిల్ల. ఆమె నోటి నుంచి సాంబ్రాణి వద్దు అనే మాట వస్తే అది మిషను మాటగా వినపడదు. సుబ్బరత్నమ్మ పోనీ కసురుకునే మనిషా అంటే కాదు. మధ్యాహ్నం మజ్జిగ పంపేది, వాన వస్తే గొడుగు ఇచ్చేది. అలాంటి మనిషికి నీ పూజ వల్లే ఇది పాడైంది అని చెప్పడం ఎట్లా? ఆ సాయంత్రం నారాయణయ్య అడిగినప్పుడు కూడా సుకుమారి, "దుమ్మన్నా" అంది.

సూదితో రెక్కల సందుల్లోని జిగురు గీకింది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచింది. కుట్టుమిషను నూనె ఒక బొట్టు ఇరుసులో వేసి వేలితో తోస్తే, ఫ్యాను అలిగిన బిడ్డ లాగా ఒక చుట్టు తిరిగి, ఆగి, మళ్ళీ తిరిగింది.

శుక్రవారం పొద్దున పక్కరేకు విప్పే ఉంచి, టేబుల్ ఫ్యానును తెచ్చి కార్డు మీదికి తిప్పి, చేజర్ల పెళ్ళి మొదలుపెట్టింది. తలంబ్రాలు దాటింది. విందు దాటింది. అప్పగింతల్లో పెళ్ళికూతురి తల్లి ఏడుపు చుక్క రాకుండా నడిచింది. క్యాసెట్టు బయటికి వచ్చేదాకా సుకుమారి తెర ముందు నుంచి కదలలేదు. మధ్యలో ఒకసారి, ముందుగా మాలకొండయ్య ముక్కను తెరిచి మాట వింటే పోలా అనిపించింది. చెయ్యి కూడా పోయింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఆ మాట ముందుగా వినవలసింది కామమ్మ. పరాయిదాన్ని, నేను విన్నాక, ఆమె వినేలోగా ఇది చస్తే? అది ఎంగిలి పెట్టినట్టు అవుతుంది అనుకుంది.

అక్కడే తప్పింది తల్లీ. మర్యాదకు పోయి తప్పింది.

కామమ్మ బస్సు దిగి వచ్చేసరికి ఎండ బల్ల మీదికి పాకుతోంది. తెల్లచీర కట్టుకుంది. తలకు నూనె రాసి దువ్వుకుని వచ్చింది, ఆయన కంటబడబోతున్నట్టు. సుకుమారి స్టూలు తెర ముందుకు జరిపింది. ముందుగదిలోంచి టీవీని లోపలికి మోసుకొచ్చి మాట అందులో వినపడేలా తీగ కలిపింది. ఖాళీ క్యాసెట్టు రికార్డరులో పెట్టింది, ఒకసారి విన్నాక ఎక్కిద్దామని.

"ఉండు మే, ఉండు" అంటూ సుబ్బరత్నమ్మ ధూపం పట్టుకుని లోపలికి వచ్చింది. "మిషనుకు బాగాలేదంట గదా. నీ సంగతి మా ఆయన చెప్పినాడమ్మా" అని కామమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "నీ పని చక్కగా జరగాలని ఈరోజు రెండు పిడికిళ్ళు ఎక్కువే వేసినా."

పొగ చిక్కగా, తెల్లగా లేస్తోంది. పెట్టె పక్కన రేకు లేదు. కార్డు బయటికి కనపడుతోంది, నిన్న తుడిచిన రెక్కలు గిర్రున తిరుగుతున్నాయి. సుబ్బరత్నమ్మ వంగింది.

"వదినా..." అంది సుకుమారి.

"ఏంది?"

సుబ్బరత్నమ్మ కళ్ళలో కామమ్మ కోసం నీళ్ళున్నాయి. కామమ్మ కూడా, పూజ తనది కాకపోయినా, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని కూర్చుంది. ఇద్దరు ఆడవాళ్ళు ఒకరికోసం ఒకరు అట్లా ఉన్నప్పుడు మధ్యలో ఏ మాట పెట్టను?

"ఏం లేదు వదినా."

పొగ పెట్టెలోకి పోయింది. టేబుల్ ఫ్యాను దాన్ని ఇంకా లోపలికి తోసింది. తేరుకుని సుకుమారి ఫ్యానును పక్కకు తిప్పేసరికి జరగవలసింది జరిగిపోయింది. సుబ్బరత్నమ్మ పోయాక కాసేపు ఆగుదామనుకుంది. కామమ్మ తెరను చూస్తూ, "పెట్టమ్మా, సాయంత్రం బస్సు ఒకటే ఉండాది" అంది.

పెట్టింది.

పొయ్యి మీద గంగాళం. ఆవిరి. ఆవిరిలోంచి మాలకొండయ్య బయటికి వచ్చాడు, తలకు తువ్వాలు చుట్టుకుని. టీవీలోంచి కట్టెలు చిటపటమనే చప్పుడు, పాత్రల మోత, ఎవరో పిల్లను పిలుస్తున్న గొంతు. కామమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన ఉదయగిరి చెక్క గరిటెను పులుసులో ముంచాడు. ఇనుప గరిటెతో రుచి తెలియదనేవాడు. ఎడమ అరచేతిలో ఒక బొట్టు వేసుకుని నాకాడు. తల అడ్డంగా ఊపాడు. కెమెరా వెనక నుంచి శీనయ్య గొంతు, "ఏం మామా, కుదరలేదా? మరి ఇంట్లో వండేదెవరు, నువ్వా అత్తా?" అంది.

మాలకొండయ్య నవ్వాడు. గరిటె పైకెత్తాడు. నోరు తెరిచాడు.

"మా కామ..."

తెర నిండా ఆవాలు. టీవీలో ఆ చివరి అక్షరం రంపం కోసినట్టు కరకరమని సాగి, సాగి, తెగిపోయింది. మాలకొండయ్య నోరు తెరిచి, గరిటె ఎత్తి, పచ్చగా, అట్లాగే నిలబడిపోయాడు.

సుకుమారి బొత్తాల మీదికి వంగింది.

"ఆపబాకమ్మా" అంది కామమ్మ. "రవ్వంతసేపు ఉండనీ."

లేచి తెర దగ్గరికి పోయింది. చుక్కల మధ్య ఆయన మొహం మీద వేలు పెట్టింది. "పొయ్యికాడ ఉంటే నావైపు తిరిగి నిలబడేవాడే కాదు ఎప్పుడూ" అంది. పెట్టె లోపలి ఫ్యాను మూలిగి, ఆగింది. కాలిన వాసన వచ్చింది. మాలకొండయ్య మొహం ముందు ఎర్రబడి, తర్వాత నల్లబడి, తెర ఆరిపోయింది. కామమ్మ వేలు ఆ నల్ల అద్దం మీదే ఉండిపోయింది.

మళ్ళీ వేస్తే తెర వెలగలేదు. కార్డును చల్లారబెట్టి, తుడిచి, ఊది, మళ్ళీ గుచ్చి, బతిమాలి, తిట్టి, సుకుమారి ఆ రోజు చేయనిది లేదు. కామమ్మ స్టూలు మీద కూర్చుని చూస్తూనే ఉంది. బస్సు వేళకు లేచి, "పోనీలే పాపా, నా పేరు ఎత్తింది నిజమే గదా" అని సుకుమారి తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయింది.

శనివారం పెంచలయ్య కొత్త మిషను తెచ్చాడు. కాలిన కార్డును తిప్పి చూసి, "ఎండకు పోయింది" అన్నాడు. తన బాణం మాట ఎత్తలేదు. ఆ రకం కార్డు ఇంకోటి దొరుకుతుందా అని సుకుమారి అడిగింది.

"ఆ రకం రావడం ఆగిపోయింది మే. ఇప్పుడంతా కొత్తవే. దీని ముందు అదొక అగ్గిపెట్టె."

"ముక్కలు దాచిన డిస్కు ఒక్కటి ఉంచుకోనా అన్నా?"

"డిస్కు లేకుంటే ఎక్స్‌ఛేంజీకి ఎవడు తీసుకుంటాడు? అయినా కొనే ఆయప్ప దాన్ని తుడిచేసి ఇంకొకరికి అమ్మేస్తాడు లే, నీకెందుకు దిగులు?"

పాత పెట్టెను తాడుతో కట్టి ఆటోలో వేశారు. సుబ్బరత్నమ్మ వాకిట్లో నిలబడి, ఇన్నాళ్ళు అన్నం పెట్టిందని దానికి దండం పెట్టింది. సుకుమారి కొత్త తెర ముందు కూర్చుంది. ఉంగరాలు ఎంత వేగంగా తిరిగాయంటే ఆమెకు కళ్ళు తిరిగాయి.

ఆదివారం సుకుమారి ఉదయగిరి పోయింది. కొండ కింద గుళ్ళో కూడిక అయింది. పాటలు పాడారు, ప్రార్థన చేశారు. మాలకొండయ్య మంచి పనివాడని పెద్దలు చెప్పారు. క్యాసెట్టు వస్తుందని ఎవరో ముందే తెచ్చి పెట్టిన టీవీ ఒక మూల గుడ్డ కప్పుకుని ఉంది. దాన్ని ఎవరూ విప్పలేదు, ఎవరూ అడగలేదు.

భోజనాలయ్యాక కామమ్మ ఆమెను వంటింట్లోకి పిలిచింది. పొయ్యి మీద అడుగున కాస్త పులుసు మిగిలింది.

"శానా సార్లు చూసినా అన్నావు గదా. ఆ తర్వాత ఏం జరుగుతుందో నీకు తెలుసు గదా?"

సుకుమారి గొంతులో ఒక మాట సిద్ధంగా ఉంది. బస్సులో వస్తూ వస్తూ కూర్చుకున్న మాట. 'మా కామమ్మ చేతి వంట ముందు ఇదెంత' అన్నాడక్కా అని చెప్పేస్తే చాలు. ఎవరు కాదంటారు? శీనయ్యకే గుర్తు లేదు. కామమ్మ నమ్ముతుంది, నమ్మాలని చూస్తూనే ఉంది. సుకుమారి నోరు తెరిచింది. తెర మీద ఆయన తెరిచిన నోరు గుర్తొచ్చింది. ఆ నోట్లో తన మాట పెట్టడానికి చేతకాలేదు.

"తెలుసక్కా. మాట మాత్రం తెలియదు."

"మాట లేకుంటే పోయె. ఆయన ఎట్ట నిలబడినాడో చూపియ్" అని కామమ్మ గూట్లోంచి చెక్క గరిటె తీసి చేతికిచ్చింది. పిడి నల్లబడి, వేళ్ళు పట్టినచోట నున్నగా అరిగింది.

సుకుమారి పొయ్యి ముందు నిలబడింది. మొదట సిగ్గేసింది. తర్వాత ఆ గరిటె బరువు చేతిని లాక్కుపోయింది. పులుసులో ముంచింది. ఎడమ అరచేతిలో బొట్టు వేసుకుని నాకింది. తల అడ్డంగా ఊపింది. పక్కకు తిరిగి, ఎవరో అడిగినట్టు విని, నవ్వింది. గరిటె పైకెత్తింది. పెదవులు కదిలించింది, చప్పుడు లేకుండా, ఆయన పెదవులు కదిలినంతసేపు. గరిటె దించుతూ తల కొంచెం వాల్చింది. ఎడమ కన్ను దానంతటదే మూసుకుంది.

కామమ్మ పీట మీద నుంచి లేచింది.

"ఏందది?"

"ఏందక్కా?"

"ఆ కన్ను. నువ్వు మూసినావా, ఆయన మూసినాడా?"

సుకుమారికి అప్పుడే తెలిసింది తాను ఏం చేసిందో. అన్నిసార్లు చూసినా, ఆ కన్ను మీదికి ఎప్పుడూ పూలు రాలుతుండేవి, అక్షరాలు తిరిగేవి. ఆమె పూలను చూసేది. కళ్ళు మాత్రం ఆ కన్నును దాచుకున్నాయి.

"ఆయనే మూసినాడక్కా. మాట అయిపోయినాక."

"తన పులుసుకు తల అడ్డంగా ఊపి, నా పేరు చెప్పి, కన్ను మూసినాడా?"

"అవునక్కా."

కామమ్మ మళ్ళీ కూర్చుంది. పొయ్యిలోని నివురును పుల్లతో కదిపింది. "ఆ కన్నును నేను తిట్టని రోజు లేదే" అంది. "పళ్ళెం లాక్కున్నానే." మళ్ళీ, లోపల ఎవరినో అడిగినట్టు, "అయినా ఏమన్నాడో?" అంది. సుకుమారి గరిటె కడిగి గూట్లో పెట్టింది. పొయ్యి మీద మిగిలిన పులుసును ఇద్దరిలో ఎవరూ వడ్డించుకోలేదు.

కామమ్మ ఆ పై ఏడు పోయింది. పోయేదాకా, ఇంటికి ఎవరొచ్చినా, అయినా ఏమన్నాడో అని అడిగేదంట.

ఇంతే తల్లీ. క్యాసెట్టులో లేదు, డిస్కులో లేదు. నీ చెవిలో పడింది కాబట్టి ఇక నీ దగ్గరే ఉంటుంది. మరిచిపోకు. ఎవరైనా దగ్గర కూర్చుంటే చెప్పు, గరిటె ఎత్తి మరీ చూపించు. కానీ ఆయన నోరు తెరిచిన చోటికి వచ్చినప్పుడు మాత్రం నీ సొంత మాట ఏదీ కలపకు, ఎంత మంచిదైనా కలపకు. అక్కడ ఆగు. వినేవాళ్ళు ఏమన్నాడు, ఏమన్నాడు అని అడుగుతారు. అడగనివ్వు.